ఆమె తిరిగి రాలేదని నేనే చెప్పాను

ఆరేళ్ళుగా కాలింగ్ బెల్ మోగితే చాలు, కన్నంలోంచి చూడందే తలుపు తీయను. వచ్చింది నీళ్ళ క్యాన్లవాడైనా సరే. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

మేముండేది కువైట్‌లో, సాల్మియాలో. మా ఆయనది ఆఫీసు ఉద్యోగం, నేను ఇంట్లోనే. ఇక్కడ ఇళ్ళలో పనిచేసే మన తెలుగు ఆడవాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపుండేది. ప్రతి శుక్రవారం ఒక గొప్ప స్త్రీ జీవితం చెప్పి అందులో వాయిస్ పెట్టేదాన్ని. ఇస్త్రీ చేసుకుంటూ వినేవాళ్ళు. "ఎంత బాగా చెప్తావక్కా" అంటే పొంగిపోయేదాన్ని.

ఒకసారి నూటయాభై ఏళ్ళ కిందటి అమెరికా కవయిత్రి గురించి చెప్పాను. కవిత్వం రాసేది, పత్రికల్లో పెద్దపెద్ద మగకవుల పుస్తకాలను మొహమాటం లేకుండా విమర్శించేది. మొగుడు ఆమె కాగితాలు పొయ్యిలో పడేసేవాడు. ఒకరోజు మిగిలిన కాగితాలు సంచిలో వేసుకుని ఇల్లు వదిలేసింది. మూడో రోజు ఆకలికి తాళలేక తిరిగొచ్చింది. నేను చదివింది ఇంతే. అంత ఏడుపుగొట్టు ముగింపు చెప్పబుద్ధి కాలేదు. తిరిగి రాలేదన్నాను. పట్నంలో తట్టిన మొదటి తలుపే తెరుచుకుందనీ, హాయిగా రాసుకుంటూ బతికిందనీ చెప్పాను. ఎప్పుడో పోయిన మనిషే కదా, ఏం పోయిందనుకున్నాను. నా పాడు నోరు!

రెండు వారాలకు, ఒక మధ్యాహ్నం, గ్రూపులోని రాయచోటి అమ్మాయి ఫోన్ చేసింది. ఆమె కూడా కవితలు రాసేది, అట్టముక్కల మీద. వాటిని యజమానురాలు (ఇక్కడ పనివాళ్ళు 'మామా' అంటారు) చింపేసిందని అంతకుముందు నాతో చెప్పుకుని ఏడ్చింది కూడా. మరి తెలిసి తెలిసి ఆ కథ ఎందుకు చెప్పాను?

"అక్కా, మామా నిద్దరపోతాంటే ఇల్లిడిసి వచ్చేసినా. ఖైతాన్‌లో బస్టాపు కాడ ఉండా."

"అదేంటమ్మా! పాస్‌పోర్టేదీ?"

"మామా కాడే ఉంది. కతలో ఆయమ్మ మాదిరే, చింపంగా మిగిలిన నా అట్టముక్కలు తెచ్చుకున్నా. మీ ఇంటికి రానా అక్కా?"

పారిపోయిన పనిమనిషికి చోటిస్తే మా ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, పోతుంది, మమ్మల్ని దేశంలోంచి పంపేస్తారు. ముందు అదే తోచింది. కనీసం ఆ కథ అబద్ధమని, మామా లేచేలోగా తిరిగి ఆ ఇంటికి వెళ్ళిపొమ్మని చెప్పొచ్చు కదా? ఎంబసీకి పొమ్మనొచ్చు కదా? చెబితే అక్క అబద్ధాలకోరని గ్రూపంతటికీ తెలిసిపోతుంది. అంత భయంలోనూ నాకు నా పరువు గుర్తొచ్చింది, చూడండి.

"అక్కడే ఉండమ్మా, మళ్ళీ చేస్తాను" అన్నాను. ఆ నంబరు బ్లాక్ చేశాను. గ్రూపులోంచి తప్పుకున్నాను.

నన్ను నమ్మి ఆ ఎండలో ఎంతసేపు నిలబడిందో? తర్వాత ఏ కారెక్కిందో? నెల తర్వాత, మనవాళ్ళకు సాయం చేసే ఒకాయన ఆమె ఫొటో పంపి, ఈ అమ్మాయి తెలుసా, ఇంట్లోవాళ్ళు వెతుకుతున్నారని అడిగాడు. తెలియదన్నాను.

ఆ రోజే దీపం పెట్టి దేవుడికి మొక్కుకున్నాను. ఆ పిల్ల క్షేమంగా ఉండాలని కాదండీ. దొరక్కూడదని. దొరికితే నా పేరు చెబుతుందని.

ఈ మొక్కు సంగతి మా ఆయనకు కూడా తెలియదు. ఇప్పుడు మీకు తెలుసు.