విఠల్ సార్ చివరి బొమ్మ మీద మసి

దయ్యాల కథలు మోసుకొచ్చిన విలేకరులను నేను ఒకటే అడిగేవాణ్ణి: నువ్వు చూశావా, ఎవరో చూశారని విన్నావా? పత్రికలో పనిచేసినన్నాళ్లూ "నేనే చూశాను" అన్నవాడు ఒక్కడూ రాలేదు. అందుకే ఇలాంటివి నమ్మలేదు. ఇప్పుడు రాస్తున్నది మాత్రం నేను చూసిందే.

విఠల్ సార్ నిజామాబాద్‌లో డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యారు. జిల్లాలోని పాత కట్టడాలను నీటిరంగుల్లో గీసేవారు. దొరల గడీలు, బురుజులు, రాతి బావులు, బంగళాలు. రోడ్డు వెడల్పు చేస్తారని తెలిస్తే కూల్చేవాళ్ల కంటే ముందే అక్కడ స్టూలు వేసుకునేవారు. ఆయన బొమ్మల్లో మనుషులుండరు. తలుపులన్నీ మూసే ఉంటాయి. "పిలవని ఇంట్ల తొంగిసూసుడు మంచిగుండది" అనేవారు.

ఆ బొమ్మలతో ఒక పుస్తకం వేద్దామనుకున్నాం. వేల్పూర్ వైపు కూలిపోయిన ఒక గడీని కూడా గీయమని పాత ఫొటో ఇచ్చాను. తిరిగి నా చేతిలోనే పెట్టారు.

"లేనిదాన్నెట్ల గీస్త? నేను దాని ముంగట కూసోవాలె. నేను దాన్ని సూడాలె, అది నన్ను సూడాలె."

పోయిన చలికాలం ఒక పొద్దున ఆయన బోధన్ బస్సెక్కారు. సాయంత్రం బోధన్ బస్టాండ్‌లో బెంచీ మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే చనిపోయారు. నిద్రపోతున్నాడనుకున్నారట అందరూ. ఒక కండక్టర్ ఆయన ఫోన్‌లో చివరిగా మాట్లాడిన నంబరుకు చేశాడు. అది నాది.

ఆస్పత్రిలో ఆయన సంచి నాకిచ్చారు. అందులో అట్టకు బిగించిన బొమ్మ ఉంది. రాతి కమానులు, వాటి వెనక వరుసగా గదులు. బోధన్‌లో ఒకప్పుడు బాటసారులు దిగిన పాత ముసాఫిర్‌ఖానా. ఒక మూల రంగు దట్టంగా ఉన్న చోట ఇంకా ఆరలేదు. నా బొటనవేలు తగిలి ముద్ర పడింది. ఆ ముద్ర ఇప్పటికీ అట్లాగే ఉంది.

ఆ ముసాఫిర్‌ఖానాను పడగొట్టి చాలా ఏళ్లయింది. పడగొట్టినప్పుడు ఆ వార్త దిద్దింది నేనే.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, పిట్ట కోసం చూస్తారు మా వైపు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. ఆ రోజు ఎండ నడినెత్తికి వచ్చినా ఒక్క కాకి దిగలేదు.

"ఏం కోరుకున్నడో ఏమో, పెండ్లానికే తెల్వకపాయె" అంది చుట్టాల్లో ఒక పెద్దామె, అందరికీ వినపడేలా.

సార్ భార్య రాజమణి అక్క అప్పటిదాకా ఏడవలేదు. బీడీలు చుట్టి, సార్ జీతానికి తోడు ఇల్లు నడిపిన మనిషి. ఆ మాటకు ముఖం తిప్పుకుంది. అప్పట్నుంచి నేను ఎప్పుడు వెళ్లినా అదే ప్రశ్న.

"ఏం గావాల్సుండె తమ్మీ ఆయనకు? నీతోటేమన్న అన్నడా?"

నాతో ఏమీ అనలేదు.

దినాలు అయ్యాక ఆ బొమ్మ తీసుకెళ్లి చూపించాను. కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, వేలితో తడిమింది. "మసి పడ్డది" అంది.

నేను అవి రంగు చుక్కలనుకున్నాను. నెగెటివ్‌లు చూసే భూతద్దం ఇంటి నుంచి తెచ్చి చూశాను. మసి రేణువులే. రంగు తడిగా ఉన్నప్పుడు పడి అందులో ఇంకిపోయాయి. కొన్నింటి మీదుగా కుంచె కూడా నడిచింది.

పెళ్లయిన కొత్తలో వాళ్లిద్దరూ ఆ ముసాఫిర్‌ఖానాలోనే ఒక గదిలో అద్దెకున్నారని అక్క చెప్పింది. చెరుకు ఆడే రోజుల్లో చక్కెర ఫ్యాక్టరీ గొట్టం నుంచి మసి ఎగిరొచ్చేదట. ఆరేసిన బట్టల మీద, అన్నం మీద, సార్ తడి బొమ్మల మీద పడేదట. తుడిస్తే బొమ్మంతా నల్లగా అలుక్కుపోతుందని అట్లాగే వదిలేసేవారట. అక్క పెట్టె తెరిచి అప్పటి బొమ్మ ఒకటి తీసి పక్కన పెట్టింది. అదే కట్టడం, అదే తీరు మసి. కానీ ఆ ఫ్యాక్టరీ మూతబడి ఏళ్లు గడిచాయి.

తేడా ఒక్కటే. పాత బొమ్మలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. కొత్తదాంట్లో ఒక గది తలుపు తీసి ఉంది.

"అది మా అర్ర. నేను లోపలుంటెనే తీసుంటుండె" అంది అక్క. "నేనిక్కడ్నే ఉంటి గద తమ్మీ. తలుపెవలు తీసిండ్రు?"

మర్నాడే బోధన్ పోదామంది. తెల్లారకముందే లేచి వండింది.

ముసాఫిర్‌ఖానా ఉన్న చోట ఇప్పుడు ట్రాక్టర్లు నిలిపే ఖాళీ జాగా, ఒక చాయ్ బండి. బండాయనకు సార్ ఫొటో చూపించాను.

"గీ పెద్దమనిషా! పొద్దంత గీడనే కూసున్నడు. 'ఏం గీస్తున్నవ్ పెద్దాయనా, నా బండి తప్ప ఈడ ఏమున్నది' అంటె, 'జర పక్కకు జరుగు, తలుపు కనవడ్తలేదు' అన్నడు. తిక్క మనిషని నవ్వుకుంట బండి జరిపిన. చాయన్న తాగుమంటె వద్దన్నడు. లోపల వంటయితున్నదట!"

నవ్వుతూ మొదలుపెట్టిన మనిషి అక్క ముఖం చూసి ఆగిపోయాడు.

అక్క అక్కడే విస్తరి వేసింది. అన్నం, పచ్చిపులుసు, జొన్నరొట్టె పెట్టింది. తీగ మీద కాకులున్నాయి. దిగలేదు. చాలాసేపు చూసి, తనూ నేల మీద కూర్చుని, ఎదురుగా ఇంకో విస్తరి వేసుకుని వడ్డించుకుంది. పిట్టకు పెట్టిన చోట ఎవరూ కూర్చుని తినరు. ఆపబోయాను.

"నేను కూసోకపోతె ఆయన ముద్ద ఎత్తడు తమ్మీ. పిట్టకు వెట్టిననాడు నన్ను దూరంగ కూసోవెట్టిరి."

తింటూ ఏడ్చింది. సార్ పోయాక ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే.

మసికి ఏదైనా కారణం దొరుకుతుందేమోనని బండాయన దగ్గర వాకబు చేశాను. దగ్గరలో ఇటుక బట్టీ లేదు. ఎవరూ చెత్త కాల్చలేదు. బొమ్మను జ్ఞాపకం మీద గీశారనుకున్నా, జ్ఞాపకంలోంచి మసి రాలదు.

సగం తిన్నాక అక్క ఎదుటి విస్తరి వైపు చూసి, "ఇంకింత ఏయాల్నా?" అంది.

నన్ను కాదు. కాసేపు ఆగి, తల ఊపి, గిన్నె మీద మూత పెట్టింది. పక్కనే నిలబడ్డ నాకు ఏమీ వినపడలేదు. ఆమెకు కూడా వినపడలేదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.