కొసరుగా వచ్చిన ఎస్ఎంపీఎస్

2022 వేసవిలో నేను ముత్తుకూరు దగ్గర ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో సీనియర్ పర్చేజ్ ఆఫీసర్‌ని. బాయిలర్ గొట్టాల నుంచి క్యాంటీన్ గరిటెల దాకా లోపలికి వచ్చే ప్రతి వస్తువూ నా బల్ల మీదుగా పోవలసిందే. కావలసిన విభాగం ఇండెంట్ పెడుతుంది. అంటే, ఫలానా వస్తువు ఫలానా పనికి కావాలని రాసిచ్చే కాగితం. మేము కొటేషన్లు పిలుస్తాం. అందరికంటే తక్కువ చెప్పినవాణ్ణి ఎల్-వన్ అంటాం, ఆర్డరు వాడికే. చిన్న కొనుగోళ్లకు ఇంత తతంగం ఉండదు. వాడుకునే విభాగం, ఫైనాన్స్, పర్చేజ్, ఈ మూడింటి నుంచి ఒక్కొక్కరు కలిసి లోకల్ పర్చేజ్ కమిటీగా బజారుకు వెళ్లి, బేరమాడి, కొని, సంతకాలు పెట్టి తెస్తారు.

ఈ కమిటీ కొనుగోలంటే నాకు పండగ. నెల్లూరులో మా నాయనది స్టీలు సామాన్ల అంగడి. మేనమామల్లో ఒకరిది కిరాణా, ఒకరిది బట్టలు. చెప్పిన ధరకే కొనుక్కొచ్చిన మనిషిని మా అమ్మ జ్వరమొచ్చిన మనిషిని చూసినట్టు చూసేది. గీచి గీచి బేరమాడటం అని మా ఇంట్లో అనేదాన్ని ఆఫీసులో నెగోషియేషన్ అన్నారు, జీతం ఇచ్చారు. అంతకు మించి నాలో పెద్ద మార్పేమీ రాలేదు.

ఆ వేసవిలో సేఫ్టీ విభాగం నుంచి ఒక కంప్యూటర్‌కు ఇండెంట్ వచ్చింది. రాసింది స్టెల్లా, కోవూరు అమ్మాయి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసిన అనుభవంతో మా దగ్గర కాంట్రాక్టు మీద చేరి, కార్మికులకు భద్రతా పాఠాలు చెప్పే వీడియోలు తయారు చేసేది. అంతటితో ఆగకుండా ఒక ఆట కూడా తయారు చేసింది. తెర మీద అచ్చం మా బాయిలర్ హాలే ఉంటుంది. పొగ కమ్ముకుంటుంది. ఆడేవాడు దారి వెతుక్కుని బయటపడాలి. పాత కంప్యూటర్ మీద మాత్రం పొగ రాకముందే ఆట ఊపిరి వదిలేది.

హెడ్డాఫీసు నుంచి సమీక్ష బృందం రాబోతోంది. ఈ పని ఇక్కడే చేయించాలా, చెన్నైలో ఒక ఏజెన్సీకి ఇచ్చేయాలా అన్నది తేల్చేది వాళ్లే. ఏజెన్సీకి పోతే స్టెల్లా కాంట్రాక్టు అంతటితో సరి. అల్లూరు వైపు రొయ్యల గుంటలు కౌలుకు తీసుకున్న ఆమె భర్తకు ఆ ఏడు పంట చేతికి రాలేదు. ఇంటికి ఈమె జీతమే దిక్కు.

ఇండెంట్‌లో ఆమె ‘గేమింగ్, వీడియో ఎడిటింగ్ నిమిత్తం’ అని ఉన్నదున్నట్టు రాసింది. ఫైనాన్స్ రమణయ్యగారు ఆ మొదటి మాట చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

“పద్మావతిగారూ, ఆడుకోడానికి కంపెనీ డబ్బు పెట్టినామని ఆడిట్ వాళ్లకు నేనేం చెప్పుకునేది?”

‘సిమ్యులేషన్’ అని మార్చాం. వస్తువు అదే. మాట మారగానే దానికి మర్యాద వచ్చింది.

ఉన్న బడ్జెట్‌లో తయారు కంప్యూటర్ కొంటే ఎడిటింగ్ సాగుతుంది గానీ ఆట సాగదనీ, విడిభాగాలు కొని బిగించుకోవాలనీ స్టెల్లా చెప్పింది. వీడియోను సిద్ధం చేసే భారం ప్రాసెసర్‌ది, ఆట భారం గ్రాఫిక్స్ కార్డుది, ర్యామ్ రెండింటికీ కావాలి. వీటన్నిటికీ గోడలోంచి వచ్చే కరెంటును తగినట్టు మార్చి అందించేది ఎస్ఎంపీఎస్ అనే డబ్బా. దానికి ఆమె పేరున్న రకమే రాసింది. తెర మీద ఏమీ చూపించని, ఏ లెక్కా చేయని ఒక ఇనప డబ్బాకు అంత ధర ఏమిటని నాకు అప్పుడే గుచ్చుకుంది.

స్టెల్లా, రమణయ్యగారు, నేను, కమిటీగా ముగ్గురం నెల్లూరులో మస్తాన్ కంప్యూటర్ అంగడికి వెళ్లాం.

“గ్రాఫిక్స్ కార్డులు ఇప్పుడిప్పుడే దిగతా ఉండాయక్కా. పోయినేడైతే దీన్ని చూడటానికి గూడా టికెట్టు పెట్టేవాణ్ణి,” అన్నాడు మస్తాన్.

“దిగతా ఉంటే వచ్చే వారం వస్తాంలే. ఇంకా దిగుతుంది గదా,” అని లేచాను.

లేవడం మా ఇంటి విద్య. చెప్పులు వేసుకునేలోగా పిలవకపోతే వాడు చెప్పింది నిజం ధరేనని లెక్క. మస్తాన్ రెండో చెప్పు దగ్గర పిలిచాడు. ధర తెగింది. రమణయ్యగారి ముఖం వెలిగింది. అక్కడితో ఊరుకోవచ్చు. నేను ఊరుకోలేదు.

“ఇంత సరుకు కొన్నాం. కొసరేదీ?”

“కంప్యూటర్‌కు కొసరేందక్కా? ఇవేమన్నా వంకాయలా?”

“వంకాయలమ్మేవాడికే అంత మర్యాద ఉంటే నీకుండొద్దా?”

మస్తాన్ నవ్వి, అటక మీది నుంచి భాగాలన్నీ బిగించే కేబినెట్ ఒకటి దించాడు. పక్కన అద్దం, లోపల రంగురంగుల లైట్లు. “దీంట్లో ఎస్ఎంపీఎస్ గూడా బిగించే ఉండాది. ఊరికే తీసుకో. నలుగురికీ నా పేరు చెప్పు.”

స్టెల్లా నా చెవి దగ్గరికి వచ్చింది. “మేడం, ఎస్ఎంపీఎస్ మాత్రం నేను రాసిందే తీసుకుందాం. అది కొసరుకు వచ్చేది కాదు.”

“దాని మీద వాట్లు రాసే ఉన్నాయి గదమ్మా.”

“రాసేదానికేముంది మేడం? ఎవురైనా రాస్తారు.”

రమణయ్యగారు తీర్పు చెప్పారు. “ఊరికే వచ్చేదాన్ని డబ్బిచ్చి ఎందుకు కొన్నారని అడిగితే ఏమని రాయాల?”

ఇండెంట్‌లో ఎస్ఎంపీఎస్ వరసను కొట్టేసి, పక్కన ‘అవసరం లేదు’ అని రాశాం. ముగ్గురం సంతకాలు పెట్టాం. స్టెల్లా అందరికంటే చివర పెట్టింది. మిగిలిన డబ్బుతో ఇంకా పెద్ద గ్రాఫిక్స్ కార్డు తీసుకున్నాం. ఆ కార్డుకు కరెంటు ఇచ్చే వైరు కొసరు డబ్బాలో లేదంటే మస్తాన్ ఒక కన్వర్టర్ వైరు కూడా ఊరికే ఇచ్చాడు. కొసరుకు కొసరు. జీపులో తిరిగి వస్తున్నంతసేపూ మా నాయన ఉంటే బాగుండేదనిపించింది.

స్టెల్లా అన్నీ బిగించింది. ఎడిటింగ్ వెన్నలా సాగింది. ఆట పెట్టి పొగ మొదలు కాగానే తెర నల్లబడి, కంప్యూటర్ ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి లేచింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే. కార్డు తన పూర్తి బలం చూపబోయినప్పుడల్లా ఎస్ఎంపీఎస్ చేతులెత్తేస్తోందని చెప్పింది. ఊళ్లకు ఊళ్లు వెలిగించే కేంద్రంలో ఒక్క కంప్యూటర్‌కు కరెంటు చాలకుండా చేసిన ఘనత నాది.

ఆమె ఆ డబ్బా ఊడదీసి నా చేతిలో పెట్టింది. ఖాళీ టిఫిన్ క్యారియర్‌లా తేలిగ్గా ఉంది. మా అంగట్లో బిందెను చేత్తో ఎత్తి రేకు మందం చెప్పేదాన్ని. దీన్ని ఎత్తి చూడాలని తోచనే లేదు. ఊరికే వచ్చేదాన్ని ఎవరు తూచుకుంటారు?

“వీడియోలు ఏజెన్సీ వాళ్లూ తీస్తారు మేడం,” అంది స్టెల్లా. “ఆట ఒక్కటే నా చేతిలో ఉండేది.”

కొత్త ఎస్ఎంపీఎస్ కొనడానికి రమణయ్యగారి దగ్గరికి వెళ్లాను.

“ఏది చెడిపోయింది?”

“ఎస్ఎంపీఎస్.”

“అది బిల్లులో లేదే. స్టోర్స్ రశీదులోనూ లేదు. లేని వస్తువు ఎట్లా చెడిపోతుంది పద్మావతిగారూ?”

కొత్త ఇండెంట్ పెడదామంటే, అదే వస్తువు అవసరం లేదని మేమే రాసి ఉన్నాం. నా సొంత డబ్బుతో కొని పెడతానన్నాను. కంపెనీ యంత్రంలో సొంత ఆస్తి ఉండకూడదన్నారు. ఆయన మాటలో తప్పు పట్టడానికి లేదు. ఇంకొకరు వస్తే నేనూ అదే చెప్పేదాన్ని.

మిగిలింది ఒకటే దారి. మస్తాన్ పాత బిల్లు రద్దు చేసి, చిన్న కార్డు, ఇండెంట్‌లో మొదట రాసిన ఎస్ఎంపీఎస్ వేసి, అదే మొత్తానికి కొత్త బిల్లు ఇవ్వాలి. కమిటీ మళ్లీ నెల్లూరు బయలుదేరింది.

“మస్తాన్, మాకు కొసరొద్దు. ఎస్ఎంపీఎస్‌కు డబ్బు తీసుకో,” అన్నాను.

మస్తాన్ పక్కంగడి అతన్ని కేకేశాడు. “ఒరేయ్, ఇట్రా! డబ్బు తీసుకోమని ఈ అక్క బతిమాలతా ఉండాది. చూసి పోరా!”

తర్వాత వ్యాపారంలోకి వచ్చాడు. కార్డు పెట్టె విప్పాం, వాడాం. ఇచ్చిన ధరకు వెనక్కి తీసుకోనన్నాడు. తగ్గించి చెప్పిన ధర విని నేను అలవాటుగా లేచాను. ఒక చెప్పు వేసుకున్నాను. రెండోదీ వేసుకున్నాను. పిలవలేదు. గుమ్మం దాకా వెళ్లి, రోడ్డు మీద ఏదో చూస్తున్నట్టు నిలబడి, చెప్పులు విప్పి మళ్లీ వచ్చి కూర్చున్నాను.

“కూచోక్కా, టీ చెప్తా,” అన్నాడు. “టీ మాత్రం కొసరే.”

చిన్న కార్డు, బరువైన ఎస్ఎంపీఎస్, వాటికి సరైన బిల్లు తీసుకుని వచ్చాం. సమీక్ష రోజున ఆట ఆగకుండా నడిచింది. కార్డు చిన్నది కాబట్టి స్టెల్లా పొగను కొంచెం పలచన చేయవలసి వచ్చింది. హెడ్డాఫీసు పెద్దాయన ఒకరు కేబుల్ గ్యాలరీలో దారి తప్పి చనిపోయి, పట్టుదలగా మళ్లీ ఆడి బయటపడ్డారు. మిగతా కేంద్రాలకూ దీన్ని పంపమన్నారు. పని ఇక్కడే ఉంచమని రాసి వెళ్లారు.

అయితే కాంట్రాక్టు మనిషి సేవ కూడా కంపెనీ లెక్కలో కొనుగోలే. స్టెల్లా ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. రేటు మీద నెగోషియేట్ చేయమనీ, కాలనీలో జరిగే వేడుకల వీడియోలు అదనపు చెల్లింపు లేకుండా తీయించుకోమనీ అందులో ఉంది.

స్టెల్లాను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను. రేటు మీద బేరమాడాను. అది నా ఉద్యోగం. ఆమె పాత రేటు దగ్గర నుంచి కదల్లేదు. వేడుకల సంగతి చదివి వినిపించాను.

“తీస్తాను మేడం. ఊరికే మాత్రం తియ్యను.”

ఆ పనికి విడిగా రేటు కట్టి, ఆర్డరులో ఒక వరసగా చేర్చాను. కారణమేమని రమణయ్యగారు అడిగితే, ‘చెల్లింపు లేని పనిలో లోపం వస్తే ప్రశ్నించే హక్కు కంపెనీకి ఉండదు’ అని రాశాను. ఆయన రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. స్టెల్లాకు ఏడాది ఆర్డరు వెళ్లింది.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా, బిల్లులో చేరని వస్తువును నేను గేటు దాటనివ్వలేదు. వచ్చిన దానికి ఎంత చిన్నదైనా ఒక ధర వేయించి, తీసుకునే ముందు పరీక్షించమన్నాను. కూరగాయల అంగట్లో కరివేపాకు మాత్రం ఇప్పటికీ ఊరికే అడుగుతాను. అది వాడిపోయిందంటే ఎవరి ఉద్యోగమూ పోదు.