గరుకు బాబాయి

మా బాబాయికి లోకంలో ఒక్కటే శత్రువు, గరుకు. రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, పిన్ని గురిపోటీల పిస్తోలు చేతిలోకి తీసుకునేవాడు. లోపల గుండు లేదని చూసి, మళ్లీ చూసి, ఇంట్లో ఎవరు దొరికితే వాళ్లకీ చూపించి, గోడవైపు తిప్పి, కళ్లు మూసుకుని ట్రిగ్గర్ నొక్కేవాడు. టిక్.

“గరుకుంది!” అనేవాడు, పాలలో ఈగ పడ్డట్టు.

ఇక బల్ల మీద పాతగుడ్డ పరిచి, పిస్తోలుని విప్పి, సన్నటి సానరాయితో నిమురుతూ కూర్చునేవాడు. షూటింగ్ క్లబ్బులో తుపాకులు బాగుచెయ్యడం ఆయన పని. అదే క్లబ్బులో గురి తప్పని మనిషిగా పిన్నికి పేరు.

కొన్నాళ్లకి ఆ పిచ్చి పిస్తోలు దాటి ఇంటి మీద పడింది. తలుపు గడియని ఎంత నున్నగా చేశాడంటే, పక్కింటి పిల్లి తలతో తోసి లోపలికొచ్చి పాలు తాగి పోయేది. కుళాయి, ఎవరైనా గట్టిగా తుమ్మితే కారేది. సీసా మూతలు చెయ్యి వేస్తే చాలు, ఊడి వచ్చేవి.

“మనిషికి తుప్పుపట్టినా ఈయనకి పట్టదు గానీ, గడియకి పడితే అన్నం సహించదు,” అనేది పిన్ని.

“గడియ ఎదురు చెప్పదు కదే!”

ఏడాదంతా పిన్ని ఎదురుచూసిన పోటీ వచ్చింది. అక్కడ ముందుగా ట్రిగ్గర్‌కి ఒక బరువు తగిలించి పిస్తోలుని పైకెత్తుతారు. ట్రిగ్గర్ కదలకుండా ఆ బరువుని మోస్తేనే పోటీకి పనికొస్తుంది. పిన్ని పిస్తోలుకి బరువు ఇంకా పూర్తిగా లేవకముందే, టిక్.

“మరీ తేలికైపోయిందమ్మా. కుదరదు,” అన్నాడు తనిఖీ చేసే ఆయన.

ఇంటి గుమ్మంలో అడుగుపెట్టాక పిన్ని అంది, “మీ గరుకు పిచ్చి నా పోటీని మింగేసింది.”

“అవునే, చెయ్యి జారింది,” అన్నాడు బాబాయి, తల వంచుకుని.

ఆయన వెనకే పెరట్లోకి వెళ్లాను. “ఎందుకు బాబాయ్ అంతలా అరగదీశావు?”

ఆయన సానరాయిని అరచేతిలో తిప్పుతూ అన్నాడు.

“మీ పిన్ని వేళ్లలో బలం పోతోంది తల్లీ. ఇక తిరిగి రాదన్నాడు డాక్టరు. ‘మొరాయిస్తోంది పిస్తోలు, నేను కాదు’ అంది మీ పిన్ని. సరే, తప్పు దానిదే అన్నాను. ఆమె వేలి బలం తగ్గినంతా ట్రిగ్గర్ బిగువు తగ్గిస్తూ వచ్చాను. ఇవాళ దొరికిపోయాం.”

గడియ, కుళాయి, సీసా మూతలు... ఒక్కొక్కటే కళ్లముందు తిరిగాయి. పిల్లి తాగిన పాలు కూడా.

“ఇక పోటీలు లేకపోయినా సాధన ఉందిగా. దానికి బరువు తూచరు,” అని గొంతు తగ్గించాడు. “ఒక్క సాయం చెయ్యమ్మా. రేపు పొద్దున ఆమె ముందు నువ్వోసారి నొక్కి, ‘అబ్బ, ఎంత గట్టిగా ఉంది బాబాయ్’ అను.”

“దేవుడికి దండం పెట్టుకున్న చేత్తో అబద్ధమా?”

“దండం పెట్టకముందే నొక్కు. నొప్పెట్టినట్టు వేలు కూడా కాస్త విదిలించు. ఆమె చూపు మాత్రం ఇంకా గురి తప్పదు.”