ఎడమ కంట్లో తెల్ల మచ్చ

మా మామయ్యను నేను చివరిదాకా పూర్తిగా నమ్మలేదు. ఆయన పోయాక కూడా ఆ సంగతి నాలో తేలలేదు.

ఆయన అమ్మకి తమ్ముడు. సారపాకలో కాగితం మిల్లు గేటుకి దగ్గర్లో ఫోటో స్టూడియో నడిపేవాడు. కాంట్రాక్టు కూలీల గేటు పాసులకి ఫోటోలు, చర్చిలో పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, వీటితో ఇల్లు గడిచేది. మనసంతా మాత్రం స్టూడియో వెనక రేకుల షెడ్డులోనే. అక్కడ నాలుగు జామాయిల్ గుంజలు పాతి, వాటికి పాత చీరలు చుట్టి, తాళ్ళు కట్టి బాక్సింగ్ రింగు చేశాడు. సెలవుల్లో అలాంటివే మరో నాలుగు గుంజల్ని ట్రాలీ ఆటోలో వేసుకుని మణుగూరు, పాల్వంచ, బూర్గంపాడు స్కూళ్ళ మైదానాల్లో పోటీలు పెట్టేవాడు. మైకులో పేర్లు పిలిచేదీ ఆయనే, మెడలో కెమెరాతో రింగు చుట్టూ పరుగెత్తేదీ ఆయనే. అరుస్తూనే ఫోటోలు తీసేవాడు కాబట్టి సగం వణికినట్టు వచ్చేవి. తను మాత్రం జీవితంలో ఒక్కసారీ గ్లవ్స్ తొడుక్కోలేదు.

"గుద్దుడు రానోడికి గీ గుద్దులాటల పిచ్చేంది?" అని జనం నవ్వేవాళ్ళు. అమ్మాయిలు రావడం మొదలయ్యాక అదే మాట నవ్వకుండా అన్నారు.

డిగ్రీ అయ్యాక నేను స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చోవడానికి కారణం అదే. పని నేర్చుకోవడానికని మామయ్య అనుకున్నాడు. నన్ను పంపింది మాత్రం ఆయన భార్య, మా అత్తమ్మ.

"నువ్వెట్లాగూ నోరు తెరవవు. కండ్లు తెరిచి ఉంచు, చాలు," అంది.

నాకూ అది బాగానే కుదిరింది. మానిటర్ వెనక దాక్కుని పుస్తకం చదువుకోవచ్చు, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. చూసింది ఇంటికెళ్ళి డైరీలో రాసుకునేదాన్ని. అత్తమ్మ భయపడ్డది ఏదీ కనిపించలేదు. అమ్మాయిలు ఉన్నంతసేపు షెడ్డు తలుపులు బార్లా తీసి ఉండేవి. కానీ ఒకసారి అనుమానంతో చూడటం మొదలుపెట్టాక కళ్ళు ఊరుకోవు. ఆయన చేసే ప్రతి పనికీ వెనక ఇంకేదో ఉందేమోనని వెతికేదాన్ని.

ఆయనకొక అలవాటు ఉండేది. ప్రాక్టీసు కాగానే ఒక్కొక్కరినీ స్టూలు మీద కూర్చోబెట్టి, పాత చిన్న కెమెరాతో ముఖం ఫోటోలు తీసేవాడు. ఎదురుగా ఒకటి, అటూ ఇటూ ఒక్కొక్కటి. తర్వాత నా పక్కకి కుర్చీ లాక్కుని, వాటిని కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూసేవాడు. కనుబొమ్మ వాచిందా, ముక్కు వంకరైందా అని.

"మనిషి నొప్పి దాస్తడు కోడలా. ఫోటోల దొరికిపోతడు," అనేవాడు.

ఈ అలవాటు ఎందుకొచ్చిందో కూడా చెప్పేవాడు. కుర్రతనంలో బొగ్గు గనుల ఊళ్ళో ఒక పోటీకి ఫోటోలు తీయడానికి పోయాడట. ఆ రోజు గెలిచిన కుర్రాడికి కొద్ది రోజుల్లోనే ఒక కన్ను పోయిందట. తను తీసిన ఫోటోలో ముందే కంట్లో తేడా ఉందట, ఎవరూ చూడలేదట. ఈ కథ చాలాసార్లు విన్నాను. ఒకసారి ఎడమ కన్ను, ఇంకోసారి కుడి కన్ను అయ్యేది. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, మనసులో మాత్రం పెట్టుకున్నాను.

షెడ్డుకి వచ్చేవాళ్ళలో అందరికన్నా గట్టిది ఒక గూడెం అమ్మాయి. సైకిల్ మీద వచ్చేది. వాళ్ళ నాన్న జామాయిల్ నరికే పనికి పోయేవాడు. ఖమ్మంలో జరిగే ఎంపిక పోటీల్లో గెలిస్తే ఆమెకి స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటు దొరికేది, ఇంటరు చదువు ఆగేది కాదు. లేకపోతే వాళ్ళమ్మతో మిర్చి ఏరడానికి పోవాల్సిందే. జూనియర్లలో ఆమెకి అదే చివరి ఏడాది. ఇవన్నీ షెడ్డులో అందరికీ తెలుసు.

పోటీలకి ముందు రోజు మామయ్య మామూలుగానే ఫోటోలు తీసి నా పక్కన కూర్చున్నాడు. ఆ అమ్మాయి ఫోటో పెద్దది చేయగానే ఆగిపోయాడు. ఫ్లాషుకి కుడి కంటిపాప ఎర్రగా వచ్చింది. ఎడమ కంట్లో తెల్లటి మచ్చ. ఆయన ముఖం పాలిపోవడం నేను చూశాను. నటన అనిపించలేదు. అప్పుడైతే అనిపించలేదు.

ఆమెను పిలిచి చెప్పాడు. "నీ కంట్ల తేడా ఉంది బిడ్డా. రేపు పోవద్దు. డాక్టరుకు చూపిద్దాం."

"నాకు మంచిగనే కనిపిస్తుంది సార్. ఆడి వచ్చినంక చూపించుకుంట."

"ఒక్క గుద్దు చాలు, చూపు పోతది."

"పోతే నాది పోతది గదా!"

ఆయన వినలేదు. ఆమె పేరు తీసేసి, అదే బరువున్న ఇంకో అమ్మాయిని పంపాడు. మిల్లులో ఒక అధికారి కూతురు ఆమె. షెడ్డు మీద కొత్త రేకులు వేయించింది ఆ అధికారే. ప్రాక్టీసులో గూడెం అమ్మాయి చేతిలో ఓడిపోని రోజు లేదు. ఆ బరువులో వచ్చినవాళ్ళే తక్కువ కావడంతో ఎంపికైంది.

ఆ తర్వాత మిల్లు గేటు దగ్గర టీ కొట్లో అందరిదీ ఒకటే మాట. "రేకులకు కన్ను అమ్మిండు." స్టూడియో కౌంటర్ దాకా వినపడేలా అనేవాళ్ళు. మామయ్య లెన్సు తుడుచుకుంటూ కూర్చునేవాడు.

డాక్టరు దొరికాక ఖమ్మం పోయాం. ఆడపిల్లకి తోడుగా నేనూ వెళ్ళాను. కంటి డాక్టరు కంట్లో మందు చుక్కలు వేసి, దీపం పెట్టి చాలాసేపు చూశాడు. మామయ్య తెచ్చిన ఫోటో కూడా చూశాడు.

"కన్ను శుభ్రంగా ఉంది. కన్ను కొంచెం ముక్కు వైపు తిరిగినప్పుడు ఫ్లాష్ కొడితే ఒక్కోసారి ఇట్లా తెల్లగా వస్తుంది. జబ్బు కాదు," అన్నాడు. ఫోటో తిరిగిస్తూ నవ్వి, "ఫోటోగ్రాఫర్ అంటున్నారు, మీకు తెలియదా?" అని అడిగాడు.

మామయ్య ఫోటో తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

తిరుగు బస్సులో ఆ అమ్మాయి మాకు దూరంగా, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. పాల్వంచలో మామయ్య దిగి సమోసాలు తెచ్చాడు. ఆ అమ్మాయి తన పొట్లం తీసుకోలేదు. అది ఆయన ఒళ్ళోనే సారపాక దాకా వచ్చింది. మరునాటి నుంచి ఆమె షెడ్డుకి రాలేదు. మిర్చి తోటలకి పోతోందని విన్నాం.

డాక్టరు అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే మామయ్యకి తెలుసు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పెళ్ళి ఫోటోలో చిన్న పిల్లాడి కన్ను అలాగే తెల్లగా వచ్చింది. "ఫ్లాషుకు అట్లనే వస్తది, నల్ల రంగు పెట్టు," అని చెప్పింది ఆయనే. దాన్ని నా చేత్తో నేనే దిద్దాను.

నోరు తెరవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఒక మధ్యాహ్నం కౌంటర్ ఖాళీగా ఉన్నప్పుడు అడిగాను.

"మామా, పెళ్ళి ఫోటోల ఆ పిల్లగాని కన్ను గూడ తెల్లగనే వచ్చింది గదా. రంగు పెట్టుమన్నవ్."

ఆయన తల ఎత్తలేదు.

"ఆ పిల్లగాడు రింగుల దిగుతలేడు గదా కోడలా."

ఆ జవాబుని ఎన్ని రకాలుగా తిప్పి చూశానో. గనుల ఊళ్ళో పోయిన ఆ కన్ను ఆయన్ని అంతగా భయపెట్టి ఉంటే, తెలిసిన విషయం కూడా ఆ క్షణంలో మరిచిపోయి ఉండొచ్చు. రేకులు వేయించినాయన కూతురి కోసం దొరికిన సాకు కూడా అయి ఉండొచ్చు. అడిగితే ఏం చెబుతాడో ముందే అనుకుని పెట్టుకున్న జవాబులా కూడా వినిపించింది.

వానలు మొదలయ్యాక ఆయనకి గుండెపోటు వచ్చింది. భద్రాచలం దవాఖానాకి తీసుకెళ్ళేలోపే, గోదావరి వంతెన మీదే అయిపోయింది.

చావు తర్వాత ఇంటివాళ్ళ కోసం చేసే ప్రార్థనకి, ఆదరణ కూడికకి, గూడెం అమ్మాయి వచ్చింది. చర్చిలో చివర నిలబడి, పాటలు అయ్యేదాకా ఉండి, మా వెంట ఇంటికి వచ్చింది. అత్తమ్మ అప్పటికే షెడ్డుని గోదాముగా కిరాయికి ఇవ్వాలని చూస్తోంది.

"షెడ్డు తాళం కావాలె," అంది ఆ అమ్మాయి.

"ఇంకేం షెడ్డు? ఆయనే పాయె," అంది అత్తమ్మ. "జూనియర్ల వయసు గూడ దాటిపోయింది గదనే నీకు."

"పెద్దోళ్ళల్ల ఆడుత. చలికాలంల పోటీలున్నయ్."

అత్తమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "మా ఆయన్ని తిట్టుకుంట తిరిగినవ్ కదా. ఇప్పుడు ఆయన షెడ్డే కావాల్నా?"

"అవ్, తిట్టిన. ఈడ గాక ఇంకేడుంది రింగు?" అని నా వైపు తిరిగింది. "అక్కా, నువ్వు పక్కనే కూసున్నవ్ ఆ రోజు. సార్ కావాలనే చేసిండా?"

అత్తమ్మ కూడా నా వైపే చూసింది. నన్ను స్టూడియోలో కూర్చోబెట్టింది ఇలాంటి ప్రశ్నకి జవాబు కోసమే మరి.

"నాకు తెలుస్తలేదు," అన్నాను. అంతకన్నా నిజం నా దగ్గర లేదు.

ఆ అమ్మాయి అత్తమ్మ వైపు చెయ్యి చాపి, "సరే తియ్. తాళమన్న ఇయ్యి," అంది.

చలికాలం దాకా అని చెప్పి అత్తమ్మ తాళం ఇచ్చింది. షెడ్డులో ఆ అమ్మాయితో ప్రాక్టీసు చేయడానికి మిగతావాళ్ళెవరూ రావడం లేదు. అందుకని నన్నే రింగులోకి పిలిచి, దెబ్బలు కాచుకునే మందపాటి ప్యాడ్లు నా రెండు చేతులకీ తొడిగి, కట్లు బిగించింది. మొదటి గుద్దుకే నా మోచెయ్యి జివ్వుమంది. రెండోది పడేలోపు ఆమె ముఖం నాకు చాలా దగ్గరగా వచ్చింది. డాక్టరు చెప్పింది నా చెవులతో విన్నాను, అయినా ఆ ఎడమ కంట్లోకి చూడకుండా ఉండలేకపోయాను.

"ఏంది అక్కా గట్ల చూస్తవ్?" అంది ఆమె. "చేతులు పైకి పెట్టు."