కండ్లు వేసేటోని మెడ

ఎవరన్నా పిలిస్తే కైలాసం మనిషి మనిషంతా తిరుగుతాడు. మెడ ఒక్కటీ తిప్పి చూసే భాగ్యం పోయి నెల దాటింది. వెనక హారన్ మోగితే నడుము, కాళ్లు, చెప్పులు అన్నీ కలిసి తిరగాలి. ఆయన తిరిగేసరికి ఆటో దాటిపోయి, ఆటోవాడు తిట్టిన తిట్టు ఒక్కటే మిగులుతుంది.

ఇల్లు గౌలిపురలో, పని ధూల్‌పేట్‌లో. వినాయకుల కార్ఖానాలో ఇరవై రెండేళ్లుగా కండ్లు వేస్తున్నాడు. ఒంటి రంగు స్ప్రే గన్నుతో ఎవరైనా కొడతారు. కండ్లు మాత్రం కుంచెతోనే, అదీ కైలాసమే. ఈసారి ఛత్రినాక సంఘం వాళ్లు పద్దెనిమిది అడుగుల విగ్రహం కావాలన్నారు. చవితి పన్నెండు రోజుల్లోకి వచ్చింది. విగ్రహం ఒళ్లంతా రంగులతో మెరుస్తూ, తెల్లని గుడ్డి కండ్లతో నిలబడి ఉంది. దాని కింద కైలాసం, మెడకు కాలర్ బెల్టు కట్టుకుని, అంతే బిర్రుగా నిలబడి ఉన్నాడు.

"ఇద్దరు కదుల్తలేరు," అన్నాడు కార్ఖానా యజమాని జగన్నాథం. "సంఘపోళ్లు వస్తే ఎవర్ని ఎత్కపోతరో ఏమో!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కైలాసానికి ఒళ్లు మండింది.

"నవ్వు సేట్, నవ్వు. నొప్పి నీకు లేదు గదా."

"గదే చెప్తున్న. ఎల్లుండి దాంక చూస్త. కాదంటే రంగు కొట్టే సాయికృష్ణతోని వేయిస్త. కండ్లు గూడ గన్నుతోనే కొడ్తనంటున్నడు వాడు."

నొప్పి కంటే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. గన్నుతో కండ్లు! షట్టర్‌కు రంగేసినట్టు!

పోనీ నొప్పికి ఏమీ చేయలేదా అంటే, చేయనిది లేదు. భార్య అమల దిండు తీసేసింది. పక్కింటి వాసవాంబ దిండు రెండు చేయమంది. ఒకరు నూనె, ఒకరు ఉప్పు కాపడం. మందుల దుకాణంవాడు బెల్టు కట్టి, "తియ్యకు భాయ్" అన్నాడు. తియ్యక తియ్యక మెడకు చెమటకాయలు లేచాయి గానీ నొప్పి ఒక్క వీసం తగ్గలేదు. అందరికీ ఆయన మెడ మీద ఒక అభిప్రాయం ఉంది. మెడ మాత్రం ఎవరి మాటా వినదు.

ఇక మంగలి అంజన్న. గౌలిపుర గల్లీ మొదట్లో షాపు. క్షవరం అయ్యాక తల రెండు చేతుల్లో పట్టుకుని పటక్‌మని విరుస్తాడు. ఆ చప్పుడు వింటే సగం నొప్పి పోయినట్టే ఉండేది. పోయినసారి మాత్రం, విరిచిన సాయంత్రమే ఎడమ భుజం నుంచి వేళ్ల దాకా జివ్వుమని చీమలు పాకాయి. రంగు డబ్బా చేతిలోంచి జారింది. అమల చూసింది. అప్పటి నుంచి రోజూ పోరుతూనే ఉంది; జగన్నాథం గడువు పెట్టాడని విన్న సాయంత్రం ఇక ఆమె నోరు ఊరుకోలేదు.

"ఏండ్లకేండ్లు దేవునికి కండ్లు పెట్టినవ్. నీ కండ్లు ఎప్పుడు తెరుస్తవ్? నడువు దవఖానకు!"

డాక్టరు పరీక్ష చేసి, కొన్నాళ్లు మెడకు వ్యాయామం చేయించుకొమ్మని ఫిజియోథెరపీ గదికి పంపాడు. అక్కడ ఉదయశ్రీ అని కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డ అమ్మాయి ఉంది. చేతుల బలం చూసింది, వేళ్లు నొక్కింది. తరవాత ఇంతవరకూ ఎవరూ అడగని మాట అడిగింది.

"మీరు పని చేసేటప్పుడు తల ఎటు ఉంటుందండీ?"

"పైకి."

"ఎంతసేపు?"

కైలాసానికి కోపం వచ్చింది. ఎంతసేపని లెక్క పెడతాడు? అయినా చెప్పాడు. మంచె మీద నిలబడితే విగ్రహం మొహం తన నెత్తి కంటే రెండడుగులు పైన ఉంటుంది. తల ఎత్తి గీత గీస్తాడు. దిగుతాడు. దండం పెట్టేవాళ్లు నిలబడే చోట నిలబడి, తల వెనక్కి వంచి చూస్తాడు. మళ్లీ ఎక్కుతాడు. ఒక్కో కంటికి నలభై సార్లు.

"అయ్యబాబోయ్! మెడ వెనక పూసలు ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయండీ, రోజంతా. విగ్రహం తల కింద పెట్టుకునే కళ్లు వేసేసి, తరవాత పైకి ఎక్కించకూడదా?"

"ఒక్కసారి వేసిన మేడం," అన్నాడు కైలాసం గొంతు తగ్గించి. "మండపంల ఒక ముసలమ్మ ఇటు జరిగింది, అటు జరిగింది. నా దిక్కు చూస్తలేడు గదరా అని ఏడ్చింది. చూపు ఆమె నెత్తి మీదికెళ్లి పోతున్నది. తప్పు నాదే. మళ్ల గట్ల వెయ్య."

ఉదయశ్రీ ఆయన్ని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది. తరవాత గడ్డం లోపలికి లాక్కుని ఐదు అంకెలు లెక్కపెట్టడం నేర్పింది. భుజాలు వెనక్కి తిప్పించింది. బెల్టు రోజంతా కడితే మెడ కండరాలు సోమరివి అవుతాయంది. మెడ విరిపించుకోవడం ఇక బంద్. చేతిలో పట్టు తగ్గినా, నడక తూలినా వెంటనే రమ్మంది.

"మంచె రెండడుగులు పెంచండి. మొహం మీ కళ్లకు ఎదురుగా రావాలి. ఇక కిందికి దిగి చూడటం... దానికి మీరే ఏదో ఒకటి ఆలోచించాలండీ."

"గదేనా మందు? నేనే ఆలోచించాలంటే మీరెందుకు మరి?" అని బయటకు వచ్చాక అమల మీద గయ్యిమన్నాడు.

మర్నాడు అంజన్న దగ్గర కూర్చున్నాడు. క్షవరం అయింది. అంజన్న చేతులు అలవాటుగా తల పట్టుకున్నాయి.

"వద్దు అంజన్నా."

"ఏంది? నా చెయ్యి మీద నమ్మకం పోయిందా?"

"దవఖానల వద్దన్నరు."

"ఆ, దవఖానోళ్లకు నా కంటె ఎక్కువ తెల్సు!" ముఖం మాడ్చుకుని, అయినా పద్ధతి తప్పకుండా, చేతి అద్దం తీసి వెనక పట్టుకున్నాడు. "చూస్కో. సాపుగ వచ్చిందా?"

ఎదురుగా గోడకు పెద్ద అద్దం. అందులో, తను చూడనే లేని తన మెడ వెనక భాగం. బెల్టు ఒరిసి ఎర్రగా కందిపోయి, పాపం, చిన్నగా కనిపించింది. కైలాసం తల తిప్పలేదు, ఎత్తలేదు. ఊరికే ఎదురుగా చూస్తున్నాడు. వెనకాల ఉన్నదంతా కనిపిస్తోంది.

"అంజన్నా, గోడ మీది అద్దం రెండు రోజులు ఇస్తవా?"

"మెడ విరుస్తనంటె వద్దంటివి. ఇగ షాపే విరగ్గొడ్తవా?"

తిట్టుకుంటూనే ఇచ్చాడు. దుప్పటి చుట్టి, అమల కూడా పట్టుకుంటే, ఆటోలో ధూల్‌పేట్ చేరింది అద్దం.

మంచె పైకి లేపేసరికే జగన్నాథం సణుగుడు మొదలైంది. ఇరవై రెండేళ్లుగా గన్ను కొట్టేవాళ్ల కోసం కట్టిన ఎత్తులోనే కైలాసం సర్దుకుపోతున్నాడని ఆయనకూ అప్పుడే తెలిసింది. కైలాసం గీత గీశాడు, దిగాడు. జనం నిలబడే చోట స్టూలు మీద అద్దం నిలబెట్టి, కాస్త వెనక్కి వాల్చి, విగ్రహానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"ఏ, ఏ! ఏం చేస్తున్నవ్?" జగన్నాథం పరుగెత్తుకొచ్చాడు. "దేవునికి వీపు పెట్టి కండ్లు చూస్తవా? సంఘపోళ్లు చూస్తే లొల్లి పెడ్తరు!"

"ఇంక కండ్లు రాలే సేట్. నన్నెట్ల చూస్తడు? వచ్చినంక తిరిగి దండం పెడ్త. అప్పటిదాంక నా మెడ నాకు కావాలె."

అద్దంలో ఎడమ కంటి నల్లగుడ్డు వెంట్రుకవాసి పైకి పోయింది. ఏనాడూ ఇంత స్పష్టంగా కనబడలేదు. మెడ తెగేలా చూసిన రోజుల్లో నొప్పిని చూశాడో, కంటినే చూశాడో! ఇన్నేళ్లు ఒక్క అద్దానికి కరువై మెడ పాడు చేసుకున్నాడని తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఎక్కాడు, దిద్దాడు, దిగాడు. అరగంటకోసారి ఆగి గడ్డం లోపలికి లాక్కున్నాడు. నొప్పి పోలేదు. సలుపుతూనే ఉంది. చేతిలో చీమలు మాత్రం లేవు.

రెండో రోజు మధ్యాహ్నం అమల అన్నం డబ్బాతో వచ్చేసరికి రెండు కండ్లూ పూర్తయ్యాయి. కైలాసం అద్దాన్ని పక్కకు తీయించి, విగ్రహం వైపు తిరిగి, తల ఎత్తకుండానే దండం పెట్టాడు.

"అమలా, గీడ నిలబడు. ఎవరి దిక్కు చూస్తున్నడు?"

ఆమె తల ఎత్తి చూసింది. "నా దిక్కే."

"జర పక్కకు జరుగు. ఇప్పుడు?"

ఆమె ఒక చేతిలో డబ్బా, మరో చేతిలో కొంగుతో పక్కకు జరిగింది. మళ్లీ చూసింది.

"ఇప్పుడు గూడ నా దిక్కే," అంది మెల్లగా. "నువ్వు చూడవా?"

కైలాసం మెడ వెనక చెయ్యి పెట్టుకున్నాడు.

"నువ్వు చూసినవ్ గదా, చాలు," అని జగన్నాథం వైపు, మనిషి మనిషంతా తిరిగాడు. "సేట్, ఇంక పదకొండు విగ్రహాలు ఉన్నయ్. అన్నిటికి మంచె రెండడుగులు పైకే కట్టాలె. ఇప్పుడే చెప్తున్న!"