మూడోసారికి ముందు

ఏబేలు గొంతు విన్న కొత్తవాళ్ళు, ఆ గొంతుకు తగ్గ మనిషి ఎక్కడున్నాడా అని అటూ ఇటూ వెతుక్కునేవాళ్ళు. మనిషేమో చింతబరికె. గొంతు మాత్రం కంచు. చిన్నప్పుడు నల్లమల అంచున మేకలు కాస్తూ, ఈ గుట్ట మీద నుంచి ఆ గుట్ట మీది వాళ్ళను కేకేసి పిలిచి పెంచుకున్న గొంతు అది. సెంటు పొలం లేదు. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి, బావిలో పూడిక తీయడానికి ఎవరు పిలిస్తే వాళ్ళ వెంట పోయేవాడు. బేస్తవారిపేట దాటాక తారురోడ్డు దిగి లోపలికి నడిస్తే వచ్చే ఆ పల్లెలో, ఏడాది పొడుగునా ఏబేలు ఉన్నాడా పోయాడా అని చూసేవాళ్ళు లేరు. ఒక్కరోజు మాత్రం ఆయన లేకపోతే పని జరిగేది కాదు. అది చర్చిలో కోత పండుగ రోజు.

పంట ఇంటికొచ్చాక మొదటి ఫలం దేవునిది. అందుకని ఆ రోజు ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. సజ్జలు, కందులు, కోడిపెట్ట, గుడ్లు, సొరకాయ, ఏమీ లేనివాళ్ళు చింతపండు. ఆరాధన కాగానే అవన్నీ వేలం వేస్తారు. ఆ వేలం పాట పెట్టేవాడు ఏబేలు. ముప్ఫై ఏళ్ళుగా ఇంకొకడు నోరు తెరవలేదు.

ఆ డబ్బు పల్లెలోనే ఉంటుందనుకునేరు. ప్రతి సంఘమూ ఏటా పైన బిషపు గారి డయాసిస్‌కు వాటా కట్టాలి. ఆ వాటాలన్నీ కలిస్తేనే చర్చిలు నడిపే అయ్యగార్లకు జీతాలు. వాటా కట్టని సంఘానికి డయాసిస్ కౌన్సిల్లో చెయ్యెత్తే హక్కు ఉండదు. వరుసగా ఎగ్గొడితే అయ్యగారిని పెద్ద ఊరికి మార్చేస్తారు. తర్వాత ఎప్పుడో ఒక ఆదివారం ఎవరో ఒకాయన బైకు మీద వచ్చి, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి, హెల్మెట్ పెట్టుకొని పోతాడు. దేవుడు లెక్క అడగడు గాని డయాసిస్ అడుగుతుంది. అందుకే ఏబేలు గొంతుకు ఆ విలువ.

ఆ విలువలో సగం ఆయన భార్య ఎలీషబాదే అని పల్లెలో అందరికీ తెలుసు. ఇంట్లో ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఉప్పు ఎక్కువైందని ఈయన, ఉప్పు కొనే మొగోడివేనా అని ఆమె. కానీ వేలంలో ఇద్దరూ ఒక కాడికి కట్టిన ఎద్దులే. ఏబేలు "ఒకటోసారి" అనేవాడు. "రెండోసారి" అనేవాడు. అని ఆగేవాడు. ఆ ఆగిన సందులో ఆడవాళ్ళ చాపల మీద నుంచి ఎలీషబా నోరు లేచేది.

"ఏమయ్యా యోనా మాస్టారూ, పింఛనంతా దిండు కింద పెట్టుకొని పండుకుంటే నిద్ర పడతాదా? కోడి మిమ్మల్నే చూస్తాంది, చూడండి!"

చర్చి అంతా గొల్లుమనేది. మాస్టారు సిగ్గుతో ఇంకో నూరు పెంచేవాడు. అప్పుడు గాని ఏబేలు "మూడోసారి" అనేవాడు కాదు. ఆ ఇద్దరూ కూడబలుక్కొని చేసింది కాదది. మొదటి ఏడు ఏదో అలా జరిగింది. తర్వాత అదే అలవాటైపోయింది.

ఎలీషబా ప్రతి ఏడూ తెచ్చేది గుమ్మడికాయ. చంద్రశేఖరపురం దగ్గరి పుట్టింటి నుంచి కొత్త కోడలిగా వచ్చేటప్పుడు కొంగున ముడేసుకొచ్చిన గింజలు. మేకల కొట్టం పక్కన పెట్టి, తీగను కప్పు మీదికి పాకించేది. మొదటి పిందె నిమ్మకాయంత కాగానే తుమ్మ ముల్లుతో దాని మీద చిన్న సిలువ గీసేది. కాయ పెరిగే కొద్దీ గీత కూడా పెరిగి, కోతకొచ్చే వేళకు అరచేయంత మచ్చ అయ్యేది. ఆ కాయ ఇక ఇంటిది కాదు. తక్కిన కాయలు వండుకోవడానికి, పంచడానికి, ఒకటి గింజలకు.

ఆ ఏడు కూడా పిందె మీద సిలువ గీసింది. గీసిన పొద్దున్నే ఒళ్ళు కాలిపోతోందని మార్కాపురం ఆసుపత్రికి బయలుదేరింది. ఆటో నడిపింది ఏబేలు మేనల్లుడు చిన్నా. అప్పటికి చాన్నాళ్ళుగా కాళ్ళు వాస్తుంటే, పొలంలో నిలబడి నిలబడి వాచాయనుకున్నారు. అక్కడ కిడ్నీలు పోయాయన్నారు. అదే ఆటోలో ఆమెను పడుకోబెట్టి తీసుకొచ్చారు.

చావుకు షామియానా వేసినవాళ్ళు తాళ్ళు కొట్టానికి కట్టి లాగారు. తీగ సగం తెగి కింద పడింది. ఏడుపుల్లో ఎవరు చూడొచ్చారు? కట్టు విప్పుకున్న మేకలు తక్కిన సగం మేసేశాయి. అంత్యక్రియలయ్యాక కూతురు కృప కనిగిరికి కాపురానికి పోయింది. ఇల్లు చప్పబడింది. అప్పుడు ఏబేలు కప్పు వైపు చూశాడు. ఒక కొమ్మ మిగిలింది. దానికి ఒక కాయ. సిలువ గీసిన కాయ.

పాత గింజలు ఎక్కడ దాచిందోనని ఉట్టి, కుండలు, ట్రంకుపెట్టె అన్నీ వెతికాడు. ఎలుకలు కొట్టేసిన గుడ్డమూట ఒకటి దొరికింది. ఎలీషబా చెల్లెలు విజయమ్మ అదే ఊళ్ళో ఉంటుంది. ఆమెను అడిగితే, "మా తీగ తెగులొచ్చి పోయింది గదా బావా, అక్కనే అడిగి మళ్ళా పెడదామనుకున్నా" అని ముక్కు చీదింది. అంటే ఆ విత్తనం ఇక ఆ ఒక్క కాయలోనే ఉంది.

కోత పండుగ ఎప్పుడూ క్రిస్మస్ దాటాకే. అప్పటికి కాయ ముదిరి పెంకు గట్టిపడుతుంది. ఆ ఏడు మాత్రం డయాసిస్ ఎన్నికలొచ్చాయి. కౌన్సిల్ సమావేశం ముందుకు జరిగింది కాబట్టి వాటాలూ ముందే కట్టాలన్నారు. పండుగ నవంబరుకు వచ్చిపడింది.

ఏబేలు అయ్యగారింటికి పోయి గడప బయట కూర్చున్నాడు.

"పండగ కొంచెం వెనక్కి జరపలేమా అయ్యా?"

"నా చేతిలో ఏముంది ఏబేలూ? పోయినేడు వాటా కట్టలేదు. ఈసారి కూడా కట్టకపోతే మనకు ఓటు లేదు, నాకు ఈ ఊరు లేదు. ఏంది సంగతి?"

ఏబేలు గింజల సంగతి చెప్పాడు. అయ్యగారు మంచివాడే. "నువ్వు కాయ ఇయ్యాకు. ఒక కోడిని తీసుకరా. దేవుడేమీ అనుకోడు" అన్నాడు.

"దేవుడు అనుకోడయ్యా. ఆమె ఊరుకోదు" అన్నాడు ఏబేలు. "గీత గీసి పోయింది. గీసినాక అది మాది కాదు. ఇన్నేళ్ళు ఇచ్చి, ఆమె పోయిన ఏడే ఎగ్గొట్టినాడంటారు."

పండుగ పొద్దున కాయ కోశాడు. గోరు గుచ్చి చూస్తే దిగింది. ఇంకా లేతే. కానీ గుమ్మడికాయ సంగతి ఎలీషబా ఎన్నిసార్లో చెప్పింది: కోసినంత మాత్రాన గింజ చావదు, కాయను పగలనీయకుండా గడ్డిలో పెడితే లోపలి గింజ ఇంకా పాలు తాగుతూనే ఉంటుంది, వేసవి నాటికి ముదురుతుంది. కాబట్టి కాయ దేవునికివ్వాలి, మళ్ళీ దేవుని దగ్గరే కొనుక్కోవాలి. అంతకు మించి ఏబేలుకు దారి తోచలేదు. పాట పెట్టేవాడు పాట పాడకూడదని పద్ధతి. అందుకని మేకపిల్లను అమ్మిన డబ్బు నాలుగు వేలు చిన్నా జేబులో పెట్టాడు.

"అంతెందుకు మామా? నూటికో ఇన్నూటికో వచ్చేస్తది గదా!"

"ఉంచుకోరా. దేవుని సొమ్ము. తక్కువకు పాడినావని మీ అత్త పైనుంచి తిడతది."

చర్చిలో ఆ రోజు మగవాళ్ళంతా ఇస్త్రీ చొక్కాల్లో ఉన్నారు. ఓట్లొస్తే భక్తి కూడా ఇస్త్రీ అవుతుంది. యోనా మాస్టారు డయాసిస్ కమిటీకి నిలబడుతున్నాడు. ఆయన మీద నిలబడిన ఆనంద్ బాబుదీ ఆ పల్లే. గిద్దలూరులో కాంట్రాక్టులు చేసుకుంటూ పండుగలకు మాత్రం వస్తాడు. పాట మొదలైనప్పటికి ఆయన ఇంకా రాలేదు.

కందులు పోయాయి. కోళ్ళు పోయాయి. ఏబేలు గొంతు పలికింది గాని అందులో ఉప్పు లేదు. గుమ్మడికాయ చేతిలోకి తీసుకునేసరికి జనం సద్దుమణిగారు. ఆ మచ్చ అందరూ చూశారు. విజయమ్మ ఆడవాళ్ళ మధ్య అప్పటికే చెప్పి ఉంచింది, ఎవరి మొగుడూ నోరు మెదపకూడదని. యోనా మాస్టారు కూడా తల వంచుకొని చేతిలోని పాటల పుస్తకం చూసుకుంటున్నాడు.

"గుమ్మడికాయ. ఎలీషబా ఇచ్చింది" అన్నాడు ఏబేలు. "పాడండి."

"ఐదు నూర్లు" అన్నాడు చిన్నా.

ఎవరూ పలకలేదు. పేదవాళ్ళు ఒకరికొకరు చేయగలిగిన సాయం ఒక్కోసారి నోరు మూసుకోవడమే. అందరూ ఆ సాయం చేశారు.

"ఐదు నూర్లు ఒకటోసారి. ఐదు నూర్లు రెండోసారి."

అని, ఏబేలు ఆగాడు.

ఎందుకు ఆగావంటే ఆయన ఏం చెప్తాడు? ముప్ఫై ఏళ్ళ అలవాటు. తల దానంతట అదే ఆడవాళ్ళ చాపల వైపు తిరిగింది. కిటికీ పక్క, గోడకు ఆనుకొని ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంది. అక్కడ ఎవరూ కూర్చోలేదు. ఏబేలు ఆ ఖాళీ వైపు చూస్తూ నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. ఆమె ఏదో అంటుంది, అందరూ నవ్వుతారు, అప్పుడు తను మూడోసారి అనాలి.

అప్పుడే కారు దిగి వచ్చిన ఆనంద్ బాబు గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు. ఏబేలు ఆగాడంటే ఇంకొకరు పాడాలని అర్థం, అది చిన్నప్పటి నుంచి ఆయన చూసిందే. ఎలీషబా పోయిందని విన్నాడు. గుమ్మంలో నుంచి మచ్చ కనబడదు, ఆ కాయ ఆమెదని ఎవరు చెప్పాలి?

"వెయ్యి!" అన్నాడు నవ్వుతూ.

ఏబేలు ఉలిక్కిపడ్డాడు. చిన్నా పదిహేను వందలన్నాడు. "ఓహో" అనుకున్నాడు ఆనంద్ బాబు, మాస్టారు తన మనిషి చేత పాడిస్తున్నాడని. రెండు వేలన్నాడు. ప్రత్యర్థి అంత పాడాక మాస్టారు పాటల పుస్తకం మూసేశాడు. "రెండున్నర" అన్నాడు, ఎవరి కళ్ళలోకీ చూడకుండా. విజయమ్మ లేచి, "సిగ్గు లేదా మాస్టారూ!" అని అరిచింది. ఆడవాళ్ళ వైపు నుంచి అరుపు రావడం పాటలో మామూలే కదా. అందరూ నవ్వారు. పాట ఎగిసింది.

చిన్నా "నాలుగు వేలు" అని, ఇక చాలన్నట్టు మామ వైపు చూశాడు. ఏబేలు ఈసారి ఆగదలుచుకోలేదు. ఒకటోసారి, రెండోసారి గబగబా అనేశాడు. ఎదురుగా అయ్యగారు, చేతిలో వాటా కాగితం, ఏ వైపూ చూడలేక నేల చూస్తున్నాడు. మూడోసారి అనబోయిన ఏబేలు కళ్ళు ఆ కాగితం మీద ఆగాయి. చూపు తిప్పుకునేలోపు ఆనంద్ బాబు ఐదు వేలన్నాడు.

తర్వాత ఎవరూ పెంచలేదు. ఏబేలు మూడోసారి అన్నాడు. వినబడలేదని ఇంకోసారి అనిపించారు.

బయట వేపచెట్టు కింద యోనా మాస్టారి తమ్ముడు ఏబేలు భుజం తట్టి, "భలే ఆగినావురా ఏబేలూ! ఆ ఆగడం నీకు తప్ప ఎవనికీ రాదు" అన్నాడు. వాటా నిండింది. అయ్యగారు ఊళ్ళోనే ఉంటాడు. అందరికీ సంతోషమే.

చిన్నా మాత్రం పళ్ళు కొరుకుతున్నాడు. "నేను పోయి అడుగుతా మామా. ఆనంద్ బాబు ఇచ్చేస్తాడు. చెడ్డోడు కాదు."

"అడగాకురా. పాట అయిపోయినాక కాయ ఆయనది. దేవుని బల్ల కాడ బిచ్చమెత్తినట్లుంటది."

"మీ రోషాలు తగలెయ్య!"

ఎలీషబా ఉంటే పోయి అడిగేదే. తిట్టి మరీ తెచ్చేది. ఏబేలు కాసేపు కూర్చొని, చివరికి తానే లేచాడు, అడగడానికో, ఊరికే చూడడానికో. చర్చి వెనక వంటల దగ్గరికి వెళ్ళేసరికి ఆనంద్ బాబు మనుషులు కాయను అప్పటికే వంటవాళ్ళకు ఇచ్చేశారు. ఓట్లేసే పెద్దలందరికీ భోజనాలు ఆయనవే. ముక్కలు పులుసులో ఉడుకుతున్నాయి.

విజయమ్మ కొంగులో గింజలు పట్టుకొని ఎదురొచ్చింది.

"గింజలు ఒక్కటి కూడా పోనీయలే బావా. అన్నీ ఏరినా. వచ్చే ఆరుద్ర కార్తెకు పెట్టు. నాకు నాలుగు ఇయ్యి."

ఏబేలు దోసిలి పట్టాడు. ఒక గింజను వేళ్ళ మధ్య నొక్కాడు. కాగితంలా అతుక్కుపోయింది. ఇంకొకటి నొక్కాడు. లోపల ఏమీ లేదు.

"బాగున్నాయా?"

"బాగున్నాయి విజయమ్మా. ముదురు గింజలు."

ఇంటికి తీసుకుపోయి, ఆమె చేసినట్టే బూడిదలో కలిపి, గుడ్డలో కట్టి ఉట్టి మీద పెట్టాడు. పెట్టేటప్పుడే తెలుసు. అయినా ఆరుద్రలో వాన పడగానే కొట్టం పక్కన గుంత తీసి వేశాడు. రోజూ నీళ్ళు పోశాడు. విజయమ్మ దారిన పోతూ, "మొలిచినాయా బావా?" అని అడిగేది.

"వాన సరిగా పడలే గదా" అనేవాడు. ఆ ఏడు వాన చెరువులు నింపింది.

మరుసటి కోత పండుగకు ఏబేలు పాట పెట్టనన్నాడు. అయ్యగారు బతిమాలినా వినలేదు. చిన్నా పెట్టాడు. గొంతు ఉంది గాని తొందర మనిషి, ఆటో తోలేవాడు. ఒకటోసారి రెండోసారి మూడోసారి, ఒకే ఊపిరిలో. ఏబేలు మగవాళ్ళ చివరి వరసలో కూర్చున్నాడు. ప్రతి వస్తువుకూ రెండోసారి వినబడగానే ఆయన తల కిటికీ వైపు తిరిగేది. తిరిగేలోపే మూడోసారి అయిపోయేది.