మామ కడుపులో దారి మార్చిన ధమని

ఒక్క ముడితో మా మేనమామను చంపబోయిన కథ ఇది. నవ్వండి, ఫరవాలేదు. ఆయన బతికాడు గనకే నేనూ నవ్వగలుగుతున్నాను.

దూరదేశంలో వైద్యం చదివి మారిషస్ తిరిగొచ్చిన కొత్త. నా గొప్ప మా ఊరు రోజ్ బెల్ అంతటికీ తెలుసు. తెలియనివాళ్లకు నేనే చెప్పేవాణ్ణి. అక్కడే కాస్త చెరకు తోట ఉన్న మామకు పిత్తాశయంలో రాళ్లు చేరాయి. నొప్పి వస్తే మనిషి మెలికలు తిరిగిపోయేవాడు. పట్నం ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆపరేషన్ చేస్తానని, సాయానికి నన్ను పిలిచాడు.

అత్త తిండి మానేసింది. ఆమెకు ధైర్యం చెప్పాలని నేను గడప ముందు కూర్చుని బియ్యప్పిండితో ముగ్గు వేశాను. ఇది కాలేయం, ఇది పిత్తాశయం, ఇదిగో దానికి నెత్తురు తెచ్చే ధమని, దీన్ని కట్టేసి సంచిని తీసేస్తామని వివరించాను.

"అందరికీ ఇలాగే ఉంటాదా అబ్బాయ్?" అంది అత్త.

"పా పేర్, అత్తా," అన్నాను మా దీవి క్రియోల్లో. "ఏం భయం లేదు. దేవుడు అందర్నీ ఒకే అచ్చులో పోశాడు."

పుస్తకంలో బొమ్మ ఒకటే ఉంది మరి!

మర్నాడు మామ కడుపు తెరిచారు. నేను చెప్పిన చోటే ధమని కొట్టుకుంటోంది. గర్వంతో నా ఛాతీ పొంగింది. పట్టుకారుతో దాన్ని పట్టేసి దారం అందుకున్నాను.

"అది ఎక్కడికి పోతోంది?" అన్నాడు పెద్ద డాక్టరు.

"పిత్తాశయానికండీ."

"చూశావా, చదివావా?"

ఆయన పట్టుకారు తీయించి, వేలితో ధమని వెంబడే తడుముతూ పోయాడు. అది పిత్తాశయం దగ్గర ఆగలేదు, వంపు తిరిగి నేరుగా కాలేయంలోకి పోయింది. పుట్టిన చోటు కూడా వేరే, పేగులకు నెత్తురు పంపే పెద్ద ధమని నుంచి వచ్చింది. నేను కట్టాల్సిన సన్నని కొమ్మ దాని పక్కన దాగి ఉంది. ముడి పడి ఉంటే కాలేయంలో పెద్ద భాగం చచ్చేది, ఆ వెనకే మామ. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి.

"కొందరికి ఇలా ఉంటుంది. ఎవరికో కోసేదాకా తెలియదు. అందుకే అందరికీ ఇలాగే ఉందనుకుని కత్తి పట్టాలి," అన్నాడాయన మెల్లగా.

మామ కోలుకుని ఇల్లు చేరాక, మనసు ఊరుకోక అత్తకు జరిగిందంతా చెప్పేశాను. ఆమె నా చెంప పగలగొడుతుందనే అనుకున్నాను.

"ఊరంతా కుడిచేత్తో తింటే ఈయన ఎడమచేత్తో తింటాడు. అందరూ చెరకు నరికేసినాక ఈయన కత్తి నూరతాడు. బయట ఒక్క పనీ అందరిలా చెయ్యనోడు, లోపల మాత్రం అందరిలా ఎందుకుంటాడు? నన్నడిగుంటే ముందే చెప్పేదాన్ని కదా, డాక్టరుగారూ."

ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. కొసదాకా వెంట వెళ్లి చూడని ధమనికి ముడి వేయను. భార్యను అడగకుండా ఏ మగవాడి కడుపూ కోయను.